పన్నెండిళ్ళ పేపరు

"ఎక్కువ చేతులు లేచిన అయిదు పేపర్లే తెప్పిస్తాం. అందరికీ ఒకటే పద్ధతి," అన్నాడు కార్యదర్శి కృష్ణస్వామి.

మద్రాసు పెరంబూరు రైల్వే క్వార్టర్సులో రీడింగ్ రూము అది. 1974వ సంవత్సరం. ఇంటికో మనిషి, నచ్చిన పేపర్లన్నిటికీ చెయ్యెత్తవచ్చు. ప్రతి ఏడూ అయిదూ అరవ పేపర్లే వచ్చేవి.

వెంకటాచలం లేచి నిలబడ్డాడు. కొడుకు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. భార్య గోవిందమ్మ పోయాక ఆ ఇంట్లో ఆయనతో తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు. కోడలు అరవ పిల్ల. మనవళ్ళకూ అదే భాష.

"అరవై ఇళ్ళు, అయిదు పేపర్లు," అన్నాడు అరవంలో. "అంటే పన్నెండిళ్ళకొకటి. పన్నెండిళ్ళవాళ్ళు కలిసి ఒకే పేపరు అడిగితే అది వాళ్ళ వంతు కాదా? మీ పద్ధతిలో అయితే మా తెలుగువాళ్ళకు ఎన్నటికీ ఒక్కటీ రాదు."

కృష్ణస్వామి ఒప్పుకున్నాడు.

"న్యాయమే. వచ్చే ఆదివారం పన్నెండు చేతులు చూపించండి."

ఉన్నవే పన్నెండు తెలుగిళ్ళు. ఆ వారమంతా వెంకటాచలం తనది పోను మిగతా పదకొండూ తిరిగాడు.

"మనకెందుకు మామా ఆ గొడవ? ఉండే పేపర్లు చాలవా?" అన్నాడు మునిరత్నం.

"వాటికీ ఎత్తు, దీనికీ ఎత్తు నాయినా. నీకు పొయ్యేదేముండాది?"

ఆదివారం లేచినవి పదకొండు చేతులే. ఒకరు ఊరెళ్ళారు. కృష్ణస్వామి మళ్ళీ లెక్కపెట్టాడు. వెంకటాచలం చెయ్యి దించలేదు. పక్కింటి పొన్నుతాయి ఆయన వంకే చూస్తోంది. ఆమెకు తెలుగు ముక్క రాదు. మెల్లగా చెయ్యెత్తింది.

తెలుగు పేపరు వచ్చింది.

రోజూ సాయంత్రం వెంకటాచలం దాన్ని తీసుకుని కిటికీ పక్క బెంచీమీద కూర్చునేవాడు. పక్కన చోటు వదిలేవాడు. చెయ్యెత్తినవాళ్ళెవరూ ఆ బెంచీ దగ్గరకు రాలేదు. అవతల బల్ల చుట్టూ జనం, వాదనలు, నవ్వులు. గుమ్మంలో నీడ పడితే చాలు, ఆయన తలెత్తేవాడు.

ఏడాది కావచ్చింది. మళ్ళీ చేతులెత్తే రోజు దగ్గరపడింది. ఈసారి పన్నెండు లేస్తాయన్న ఆశ ఆయనకు లేదు.

ఒక సాయంత్రం ఎవరో అమ్మాయి వచ్చి బెంచీ పక్కన నిలబడింది. పేరు హైమ. ఒంగోలు నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది.

"బాబాయిగారూ, మీరు చదవడం అయితే ఒకసారి ఇస్తారా?"

ఆయన పేపరు ఆమె చేతికిచ్చాడు.

"ఈడ కూచోమ్మా. బయటికి సదువు, నేనూ ఇంటాను."

"మీరు చూసేశారు కదండీ?"

"చూసినాలే. అయినా సదువు."

హైమ కూర్చుని మొదటి పేజీ నుంచి చదవసాగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

అరవ బడిలో చదువుకున్న వెంకటాచలానికి తెలుగులో ఒక్క అక్షరం కూడా రాదు.