ముప్పై దాటని కారు

"ఒరేయ్ మౌలాలీ, అటు చూడరా. ఎద్దులబండి మనల్ని దాటిపోతంది."

వెనక సీట్లో కూర్చున్న గురునాథం అన్నదాంట్లో అబద్ధం లేదు. హైదరాబాదు షోరూములో పొద్దున్నే తీసుకున్న తెల్ల అంబాసిడరు అది. సీట్ల మీద కవర్లు కూడా ఇంకా తియ్యలేదు. అంత కొత్త కారు ఎంత నిదానంగా పోతోందంటే, అద్దం మీద వాలిన ఈగ ఒకటి మల్లేపల్లి దాకా ఓపిక పట్టి, ఇక విసుగొచ్చి తనే ఎగిరి ముందుకెళ్ళిపోయింది.

"అయి ఒంగోలు ఎద్దులు బాబాయ్. వాటితో మనకి పందెమెందుకు?" అన్నాడు మౌలాలీ, వెనక్కి తిరక్కుండానే.

మౌలాలీ గురునాథంగారి నాపరాళ్ళ క్వారీలో లారీ డ్రైవరు. రాళ్ళ లోడు నెత్తినేసుకుని కూడా గాలిదుమారంలా పోయే మనిషి. అలాంటివాడు ఇవాళ స్పీడు ముల్లుని ముప్పై దాటనివ్వడం లేదు.

"షోరూమాయన యాభై దాకా తోలుకోవచ్చన్నాడు గదరా. మధ్యాన్నం రాహుకాలం వచ్చేలోపు కారు మాచర్లలో మన గుమ్మం ముందుండాల. మీ పిన్ని హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటది."

"కొత్తింజను బాబాయ్. కొత్త కోడలు లాంటిది. మొదటిరోజే ఉరికిస్తే అలిగి పుట్టింటికి పోద్ది. మా కుల్సుం సంగతి చెప్పానా మీకు?"

"చెప్పొద్దు. తోలు."

మౌలాలీ చెప్పాడు. "ఓసారి మా ఆడదానికి చెప్పకుండా గుంటూరు రైలెక్కా. గుమ్మంలో నిలబడి ఒక్క కేకేసింది బాబాయ్. రెంటచింతల దాకా పోయిన రైలు వెనక్కొచ్చింది. రైలు డ్రైవరు దిగొచ్చి, తప్పయిపోయిందమ్మా, ఇదుగో మీ మొగుడు, దించుకోండి అన్నాడు."

కోపంగా ఉండాలనుకున్న గురునాథానికి నవ్వు ఆగలేదు. నవ్వుతుండగానే కారు పాతిక్కి దిగిన సంగతి చూసుకోలేదు.

సాగర్ దగ్గర మౌలాలీ కారు పక్కకి తీసి ఆపేశాడు. "ఇంజను కాగింది బాబాయ్, కాసేపు ఆరనిద్దాం."

గురునాథం దిగి బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాడు. కాస్త గోరువెచ్చగా ఉంది, అంతే. "ఏందిరా కాగింది? దీని మీద గుడ్డు పెడితే పిల్లవుద్దేమో గానీ ఉడకదు."

మౌలాలీ వినిపించుకోలేదు. నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదలడు. గురునాథం రెండుసార్లు హారను కొట్టాక వచ్చి కూర్చున్నాడు. మొహం కడుక్కున్నట్టున్నాడు, చొక్కా కాలరు తడిసి ఉంది.

"మా కుల్సుం ఓసారి ఇక్కడ బిందె ముంచింది బాబాయ్. డ్యాములో నీళ్ళు జానెడు తగ్గినయ్. ఇంజనీర్లు ఎక్కడో గండి పడిందని లబోదిబోమంటా పరిగెత్తుకొచ్చారు."

"పెళ్ళామంటే ఇంత పిచ్చి గదా నీకు. బిరబిరా ఇంటికి పోయి చూసుకోవాలని ఉండదంట్రా?"

"ఉంది బాబాయ్."

"మరి?"

"భయం."

"రైలునే వెనక్కి రప్పించిందాయె. భయపడాల్సిందేలే," అని గురునాథం పెద్దగా నవ్వాడు. మౌలాలీ కూడా ఏదో నవ్వినట్టే అనిపించింది వెనకనుంచి.

తర్వాత నవ్వు లేకుండా పోయింది. కొండల మధ్య రోడ్డు మీద ఉండగానే రాహుకాలం వచ్చేసింది. గురునాథం చేతి గడియారం చూసుకుని, మొలతాడు తెగిపోతుందేమో అన్నంత గట్టిగా ఊపిరి పీల్చాడు.

"నీ మొహం మండ. ఏళ్ళ తరబడి కారు కొనాలని చూస్తే, ఇయ్యాల్టికి గదరా కుదిరింది. దాన్ని తగలేశావు. రేపట్నించి నా లారీ ఎక్కమాక. నీ దారి నువ్వు చూసుకో."

"అట్టాగే బాబాయ్," అన్నాడు మౌలాలీ. మళ్ళీ తనే అందుకున్నాడు. "మా కుల్సుం కోడిని తిడితే బాబాయ్, అది భయంతో పొద్దునొకటి సాయంత్రమొకటి గుడ్డు పెడతది..."

గురునాథం చెవుల మీద తువ్వాలు కప్పుకున్నాడు.

మాచర్ల పొలిమేర దాటేసరికి రోడ్డు మీద జనం కనబడ్డారు. మౌలాలీ ఉండే సందు మొదట్లో మగాళ్ళూ, అరుగుల మీద ఆడాళ్ళూ, చిన్నా పెద్దా అంతా నిలబడి కారు వైపే చూస్తున్నారు. గురునాథం కోపం సగం దిగిపోయింది. తువ్వాలు భుజం మీద సర్దుకుని, తల దువ్వుకున్నాడు.

"చూశావంట్రా, కారు చూడ్డానికి ఊరంతా వచ్చి నిలబడింది."

మౌలాలీ కారు ఆపాడు. జనం వచ్చారు. వెనక తలుపు దగ్గరికి ఒక్కరూ రాలేదు. అందరూ ముందు తలుపు చుట్టూ మూగారు. పక్కింటి ముసలి హబీబ్ కిటికీలోంచి చెయ్యి పెట్టి మౌలాలీ తల నిమిరాడు.

"ఇంతసేపు పట్టిందేంది బిడ్డా? క్వారీ ఆఫీసు నుంచి పొద్దున్నే షోరూముకి ఫోను చేయించి నీకు కబురు చెప్పాం గదా. కుల్సుం మొహం నీకు చూపించకుండా మట్టికి ఎట్టా తీసకపోతాం? దిగు నాయనా."

గురునాథం ముందు సీటు పట్టుకుని వంగి, మొదటిసారి మౌలాలీ మొహంలోకి చూశాడు.

"పొద్దున్నే తెలుసంట్రా నీకు? నాతో ఒక్క మాట అంటే నేను కాదంటానా? రెక్కలు కట్టుకుని వచ్చేవాళ్ళం గదరా."

మౌలాలీ స్టీరింగు వదల్లేదు.

"ఎట్టా రాను బాబాయ్? దారిలో ఉన్నంతసేపూ అది బతికే ఉంది."