ఆరుగురి తూకం

లిఫ్టు కూసినప్పుడు ఆఖరున ఎక్కినవాడే ఎందుకు దిగాలి? బరువు అందరిదీ కదా!

ఈ సందేహం పదకొండేళ్ళుగా నన్ను తొలుస్తోంది. పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుణ్ణి కూడా అడిగాను.

మాది తూనికలు కొలతల ఆఫీసు. ఊళ్ళో ఏ దుకాణం తక్కెడ మీదైనా మా ముద్ర పడాల్సిందే. ఆఫీసు ఆరో అంతస్తులో ఉంది. పైన కూర్చునేవాళ్ళు ఆరుగురు. పది కావడానికి మూడు నిమిషాల ముందు ఒకే వ్యానులో వచ్చి దిగుతారు. లిఫ్టు మోసేది ఐదు వందల కిలోలు. ఆరుగురూ ఎక్కగానే కుయ్యోమంటుంది.

దిగేది ఎప్పుడూ పెద్ద గుమాస్తానే. మోకాళ్ళ నొప్పితో ఆయన కుంటుకుంటూ వచ్చేసరికి మిగతావాళ్ళు ఎక్కేసి ఉంటారు. పైగా మనిషి నూట నాలుగు కిలోలు. లిఫ్టు పైకి వెళ్ళి తిరిగి రావడానికి ఏడు నిమిషాలు. అందాకా ఆగితే హాజరు పట్టీలో ఎర్ర గీత పడుతుంది. అందుకని పాపం, మెట్లెక్కేవాడు.

ఈ ఏడాది మొదట్లో ఒకరోజు ఆయన జేబులోంచి కాగితం తీశాడు. రాజీనామా.

"అదేంటండీ! ఇంకా రెండేళ్ళ సర్వీసుంది కదా!" అంది సూపరింటెండెంటు మేడమ్.

"సర్వీసుంది మేడమ్. మోకాళ్ళే లేవు."

ఆ మాటకు టైపిస్టు అమ్మాయి కళ్ళు చెమర్చాయి. మిగతా ఐదుగుర్నీ లాక్కెళ్ళి, ఆఫీసులోని ముద్రపడ్డ కాటా మీద ఒక్కొక్కరినే నిలబెట్టి, తనూ ఎక్కింది. కూడితే ఐదు వందల పన్నెండు.

"చూశారా బాబాయిగారూ, పన్నెండు కిలోలే ఎక్కువ! ఆరుగురం పంచుకుంటే మనిషికి రెండు. నాలుగు నెలలు ఓపిక పట్టండి. ఆ కాగితం లోపల పెట్టండి."

"నా బరువు మీరెందుకమ్మా పంచుకోవడం?"

"లిఫ్టులో నీది నాది అని ఉండదు బాబాయిగారూ."

అదీ మొదలు. పస్తులు కూడదంది ఆ పిల్ల. ప్రోటీన్ తగ్గకూడదు, నూనె పెరగకూడదు, తిన్న ప్రతిదీ పుస్తకంలో ఎక్కాలి. తూకాలవాళ్ళకు చెప్పాలా! ఇన్‌స్పెక్టర్లిద్దరూ బంగారం తూచే తక్కెడలో అన్నం తూచారు. ముద్రలు వేసే ఆయన ఉడికిన గుడ్ల మీద కూడా ముద్ర కొట్టాడు.

"ఈ అరటిపండు నూట ఇరవై గ్రాములు. నూట ఏడు కాలరీలు," అన్నాడు చిన్న ఇన్‌స్పెక్టరు.

"తొక్కతోనా, తొక్క తీసా?" అన్నాడు పెద్ద ఇన్‌స్పెక్టరు.

"తొక్కతోనే."

"అయితే చెల్లదు. మళ్ళీ తూచు."

"మేడమ్ నన్ను కసిరితే ఎవరి కాలరీలు ఖర్చవుతాయమ్మాయ్?" అన్నాడు గుమాస్తా.

"నావే!" అంది మేడమ్, తనే నవ్వేస్తూ.

చిక్కల్లా ఇళ్ళ నుంచి వచ్చే అన్నం డబ్బాలతోనే. ఇంట్లోవాళ్ళు ఎప్పటిలాగే కూరి కూరి పంపేవారు. డబ్బా ఖాళీగా వెళ్ళకపోతే మేడమ్ అత్తగారు రెండు రోజులు మాట్లాడేది కాదు. లెక్కకు మించింది రోజూ మిగిలిపోయేది. తిండి పారేస్తే పాపమని నమ్మేవాణ్ణి నేను. ఆరు డబ్బాల్లో ఒక్క మెతుకు కూడా పారేయనివ్వలేదు.

రెండు నెలలకు కూడిక నాలుగు వందల తొంభై ఎనిమిదికి వచ్చింది. మర్నాడు ఆరుగురూ పెళ్ళివారిలా లిఫ్టెక్కారు.

కుయ్యోమంది.

"మిషన్ తప్పు! దీని సంగతి ఇప్పుడే తేల్చాలి," అన్నాడు పెద్ద ఇన్‌స్పెక్టరు. ఇరవై కిలోల ఇనుప గుండ్లు పాతిక తెప్పించాడు. బయట నిలబడి నేనే ఒక్కొక్కటి అందించాను. పాతికా సర్దినా లిఫ్టు కిక్కురుమనలేదు. పైన ఒక్క కిలో పెట్టగానే కూసింది. ఇన్‌స్పెక్టరు ముఖం మాడ్చుకుని దానికీ ముద్ర వేశాడు.

తూకం సరైనదే. లిఫ్టూ సరైనదే. ఆరుగురూ ఎక్కితే మాత్రం కూత.

చేతిసంచులు వ్యానులోనే వదిలారు. చెప్పులు విప్పారు. మేడమ్ గాజులు తీసింది. ఊపిరి బిగపట్టి కూడా ఎక్కి చూశారు. పుస్తకంలో కాలరీలు తగ్గుతూనే ఉన్నాయి. కూడిక నాలుగు వందల డెబ్భై అయింది. కూసింది. నాలుగు వందల నలభై అయింది. అప్పుడూ కూసింది. మెట్లెక్కే పని గుమాస్తాకు తప్పలేదు.

నాలుగు నెలల గడువు ముగిసింది. ఆ రోజూ ఆరుగురూ ఎక్కారు. కూత మొదలైంది. గుమాస్తా జేబులోంచి కాగితం తీసి మేడమ్ చేతిలో పెట్టాడు.

"లెక్క తప్పలేదు బాబాయిగారూ! తిన్న ప్రతి మెతుకూ రాశాను!" టైపిస్టు అమ్మాయి వెక్కిళ్ళు పెట్టింది.

"రాశావమ్మా. నీ తప్పేం లేదు. ఈ ముసలాడి కోసం మీరంతా నోరు కట్టుకున్నారు, అది చాలు."

ఇన్‌స్పెక్టర్లు నేలచూపులు చూశారు. మేడమ్ కాగితం మడత విప్పలేదు. గుమాస్తా ఒక చేత్తో మోకాలు పట్టుకుని, దిగడానికి కాలు బయట పెట్టబోయాడు.

నేను ఆయన్ను లోపలే ఆపి, ఆరో నంబరు మీట నొక్కి, ఆరు డబ్బాల మిగుళ్ళతో పెరిగిన బొజ్జను రెండు చేతులా పట్టుకుని, పదకొండేళ్ళ కూతల్లో మొదటిసారి లిఫ్టుమ్యాన్ స్టూలు మీంచి లేచి, నా బదులు ఇన్నాళ్ళూ దిగిన మనిషికి బాకీ తీర్చుకుంటూ బయటికి దిగాను. లిఫ్టు నోరు మూసుకుని పైకి వెళ్ళిపోయింది.