గోరు మూల

సూదిలో దారం ఎక్కిస్తుండగా దురద మొదలైంది.

ఎడమకాలి బొటనవేలు. గోరు మూలన, లోపలివైపు. కళ్ళు మూసుకుని చూపించమన్నా చూపించగలడు దర్జీ.

ఎదురుగా ఇరవై బడి చొక్కాలు, చేతులు అతకకుండా పడి ఉన్నాయి. రెండు నెలల తర్వాత కొట్టు తెరిస్తే వచ్చిన మొదటి పని. సాయంత్రానికి ఇవ్వకపోతే ఈ బేరం ఎదురు కొట్టుకు పోతుంది.

కుట్టు వంకర పోయింది. విప్పాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ వంకర. వంగి గోకబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇదిగో, విన్నావా! కాస్త వెనిగర్ పట్రా!"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. "మళ్ళీనా?"

"దురద కాదే, చీమల బారు! పోనీ వంటసోడా తడిపి తే. అదీ కాదంటే నిమ్మకాయ."

"ఇంట్లో ఏమీ లేవు."

"నిన్ననే చూశాను, బుట్టెడు ఉన్నాయి."

"పారేశాను. నా వంటింటి వైద్యానికో దండం."

అతనికి ఒళ్ళు మండింది. మూడు నెలల క్రితం ఇదే వేలికి గోరుచుట్టు లేస్తే ఎంత హడావిడి చేసింది! ఉప్పు నీళ్ళు, వెల్లుల్లి ముద్ద, నిమ్మకాయకు బెజ్జం పెట్టి వేలికి టోపీ. "ఈ మాత్రానికి డాక్టరెందుకండీ!" అంది. తనూ నవ్వాడు. "షుగరున్నవాణ్ణి, పులుపే నయం" అన్నాడు.

ఇప్పుడేమో ఒక్క నిమ్మకాయకు గతి లేదు.

ఆమె వచ్చింది. చేతిలో ఏమీ లేదు. గోడకు ఆనించిన నిలువుటద్దాన్ని లాక్కొచ్చి, అతని కుర్చీ ముందు, కాళ్ళకు మధ్యగా, ముఖం కుడివైపుకు తిప్పి నిలబెట్టి, కుడిపక్కన కింద కూర్చుంది.

"ఇదేం వేషం?"

"ఆసుపత్రిలో కసరత్తులు చేయించిన అమ్మాయి చెప్పింది. నవ్వకండి. అద్దంలోకే చూడండి."

పెడల్ మీది కుడికాలిని ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలి గోరు మూలన మెల్లగా గోకింది.

"అది కుడికాలే, పిచ్చిదానా!"

"చూడండి అంటున్నానా!"

చూశాడు. అద్దంలో ఎడమకాలు. దాని వేలిని ఎవరిదో చెయ్యి గోకుతోంది. ఒక్కో చీమా వెళ్ళిపోయింది. మెడ నరాలు సడలాయి.

"ఇంకాస్త," అన్నాడు చిన్నగా.

ఆమె అద్దంలోకి చూడలేదు.

అద్దానికి అవతల, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునే అతను మడిచి తిన్నగా కుట్టేసుకున్న ఎడమ ప్యాంటు కాలు మోకాలి దగ్గరే ముగిసిపోయింది.