జమ్మి కాడ పేలని తుపాకి

"దొరా, ఇయ్యాల జమ్మి కాడ మీరే తుపాకి పేలుస్తరట గద. జర ఒకసారి చూడనిస్తరా?"

జగపతిరావు రైఫిలు తుడవడం ఆపి గడపలో నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూశాడు.

"ఎవలు నువ్వు?"

"తుల్సీరాం. మిలిటరీల తుపాకులు బాగుచేసేటోన్ని. పింఛనైంది."

ఆ రైఫిలు జగపతిరావు తండ్రి మిలిటరీ వేలంలో కొన్నది. ఏటా దసరాకు అది పేలాకే ఊరు జమ్మి ఆకు తెంపుతుంది. ఆ గొప్ప తలచుకుంటే జగపతిరావుకు మీసం దానంతటదే లేస్తుంది. ఎవరైనా చూస్తానంటే కాదనడు.

తుల్సీరాం ముందుగా తూటాలన్నీ ఏరి జగపతిరావు భార్య సరోజన చేతికిచ్చి, లోపల పెట్టి రమ్మన్నాడు. గొట్టం ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూసుకున్నాడు. గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్టు మీది నంబరు, తుపాకి మీది నంబరు రెండుసార్లు చదివాడు.

తర్వాత జేబులోంచి తూటా ఆకారపు ఇనుప ముక్క తీసి గొట్టంలో పెట్టి, బోల్టును రెండు వేళ్లతో మెల్లగా నెట్టాడు. అది పూర్తిగా మూతపడింది.

"గీ గేజీ పెడితే బోల్టు మూతపడొద్దు దొరా. పడ్డదంటే తూటా ఎన్క సందు ఎక్కువున్నట్టు. పేలిస్తే తూటా పగిలి మీ మొఖం మీదికొస్తది."

"పోయిన దసరాకు పేల్చిన. ఏం కాలె."

"గప్పుడు బోల్టు గిది కాదు. నంబర్లు కలుస్తలేవు."

"చెడిపోయిందని చెప్పి అగ్గువకు కొనుక్కపోదామనా?"

"నాకెందుకు దొరా తుపాకి. ఇయ్యాల పేల్చకుండ్రి, గంతే."

పండుగ పూట మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపించేశాడు జగపతిరావు.

సాయంత్రం తూటాలు అడిగితే, తుల్సీరాం మాటలన్నీ విన్న సరోజన పెట్టె తాళంచెవి నడుముకు దోపుకుని కూర్చుంది.

"ఊరు నవ్వుతది, సరోజనా."

"నవ్వనియ్యుండ్రి. మీరుంటే సాలు నాకు."

1978 దసరాకు ఆ ఊళ్లో డప్పులే మోగాయి.

మర్నాడు జగపతిరావు తుపాకి బాగానే ఉందని తేల్చుకుందామని అదే కోపంతో రైఫిలు పట్టుకుని ఠాణాకు పోయాడు. జమేదారు నంబర్లు చూసి, రిజిస్టరు తిరగేసి, నుదురు తుడుచుకున్నాడు.

"ఎలక్షన్లప్పుడు తుపాకులు ఈడ జమ చేసిండ్రు గద దొరా. బోల్టులు ఇప్పి యేరే మూట కట్టినం. తిరిగిచ్చేటప్పుడు మీది, అవతలూరి పటేల్‌ది తారుమారైనయి. పేల్చలేదు, బతికిండ్రు."

జగపతిరావు బెంచీ మీద కూలబడి ముఖం తడుముకున్నాడు. కళ్లు, ముక్కు, మీసం అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సరోజన మొండితనం గుర్తొచ్చి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాడు.

"మరి నా బోల్టు?"

"పటేల్ తుపాకిల పడ్డది. మక్కచేన్ల కావలున్న బీక్యా పందులను కొట్టబోతే, మొఖం మీదికే పేలి సచ్చిపోయిండు. తుపాకి పాతదని మేం రాసుకున్నం. బీక్యా వాళ్లన్న ఒక్కడే ఒప్పుకోలె. బోల్టు నంబరు రాసుకుని, దానికి మారిన బోల్టు ఏ ఇంట్ల ఉన్నదో, ఆడ ఇంకెవరు సావొద్దని ఊరూరు తిరుగుతుండు."

"ఏం పేరు ఆయనది?"

"తుల్సీరాం. తమ్ముని దినాలు గూడ ఇంక కాలె."