రెండమ్మ

"రెండే! రెండే!"

జిమ్ అంతా గొల్లున నవ్వింది.

మారెన్ బంతిని నేలకు కొడుతూ ముందుకు వెళుతోంది. మూడోసారి కొట్టగానే మొదటి వరసలోంచి ఆ ముసలావిడ గొంతు లేచింది. మారెన్ అటు చూసింది. అంతే, అవతలి జట్టు అమ్మాయి బంతి లాక్కుని పోయింది.

"వచ్చేసిందమ్మా మన రెండమ్మ!" అంది టెస్, పక్కనే పరుగెత్తుతూ.

ఆ పేరు విద్యార్థులు పెట్టింది. సీజన్ మొదలైనప్పటి నుంచీ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఇక్కడ ఎప్పుడు జరిగినా ఆవిడ హాజరు. బయట ఐయోవా మంచు ఎంత కురిసినా సరే, చిన్న దిండొకటి చంకన పెట్టుకుని వచ్చి, సరిగ్గా కోర్టు మధ్య గీతకు ఎదురుగా కూర్చునేది. పాప్‌కార్న్ తినేది. మారెన్ చేతికి బంతి వస్తే చాలు, తినడం ఆపి అరిచేది.

పాతకాలంలో ఇక్కడి ఆడపిల్లల ఆటలో బంతిని రెండుసార్లకు మించి నేలకు కొట్టకూడదట. ఆ సంగతి మారెన్‌కు బామ్మ చెప్పింది. బామ్మ అంటే మామూలు బామ్మ కాదు. పాయింట్ల వర్షం కురిపించిన మనిషి. బంతి పట్టుకుని నవ్వుతున్న ఆమె ఫొటో ఇప్పటికీ ఊళ్లో హైస్కూల్ గోడ మీద ఉంది.

"మా బామ్మే కొత్త రూల్స్‌కి అలవాటు పడింది. ఈవిడకేం వచ్చింది?" విసుక్కుంది మారెన్.

"మీ బామ్మకి చెప్పు. వచ్చి ఆవిడ నోరు మూయిస్తుంది."

"అమ్మో! బామ్మకి చెబితే పాత కథలు మొదలెడుతుంది. నేను వినలేను."

అసలు విసుగు ముసలావిడ మీద కాదు. చేతికొచ్చిన బంతిని వదలకపోవడం మారెన్‌కు ఉన్న జబ్బు. అది ఆమెకూ తెలుసు.

"బంతేమన్నా మీ ఇంట్లోంచి తెచ్చావా? పక్కవాళ్లకివ్వు," అంది కోచ్ హాల్వర్‌సన్. "ఆఖరి మ్యాచ్‌లో కూడా ఇలాగే పట్టుకు వేలాడావంటే బెంచీ మీద కూర్చోబెడతా. ఆ తర్వాత ఏడ్చినా లాభం లేదు."

ఆఖరి మ్యాచ్ గెలిస్తేనే కాన్ఫరెన్స్ టైటిల్, అంటే చుట్టుపక్కల కాలేజీలన్నిటి మీదా గెలుపు. మారెన్‌కు కాలేజీలో ఇదే చివరి ఏడాది.

తర్వాతి వారం మ్యాచ్ విరామంలో లాటరీ తీశారు. టికెట్ తగిలినవాళ్లు కోర్టులోకి వచ్చి బంతి బాస్కెట్‌లో వేస్తే ఒక పెట్టెడు పోర్క్ చాప్స్, అంటే పంది మాంసం ముక్కలు, బహుమతి.

టికెట్ రెండమ్మకు తగిలింది.

ఆవిడ కోటు విప్పి దిండు మీద పెట్టింది. బంతి అందుకుని, రెండుసార్లు నేలకు కొట్టి, నాలుగడుగులు నడిచి మధ్య గీత దగ్గర ఆగిపోయింది. బూటు మొన కూడా గీతకు తగలలేదు.

"ముందుకు రండి పెద్దమ్మగారూ! బాస్కెట్ అక్కడుంది!" మైకులో అరిచాడు అనౌన్సర్.

"అక్కడ నాకు పనిలేదు," అంది ఆవిడ.

మళ్లీ నవ్వులు.

గీతకు అవతల మారెన్ వార్మప్ చేస్తోంది. ఆవిడ బంతిని రెండు చేతులతో ఆమెకు విసిరింది. సూటిగా వచ్చి గుండెల దగ్గర చేతుల్లో పడింది.

"వెయ్యి," అంది.

మారెన్‌కు సిగ్గేసింది. ఏం చెయ్యాలో తోచక వేసింది. పడింది. ముసలావిడ తనే గెలిచినట్టు ఎడం చెయ్యి పైకెత్తి, వెళ్లి తన చోట కూర్చుంది. పోర్క్ చాప్స్ మాత్రం పోయాయి.

ఆఖరి మ్యాచ్ రానే వచ్చింది.

కాసేపట్లో ఆట ముగుస్తుంది. ఒక్క పాయింట్ వెనక ఉన్నారు. బంతి మారెన్ చేతిలో ఉంది. ఇద్దరు అమ్మాయిలు ఆమెను మూలకు నెడుతున్నారు.

ఒకటి. రెండు.

"రెండే!"

ఈసారి మారెన్ అటు చూడలేదు. బంతిని విసిరేసింది. బాస్కెట్ కింద టెస్ ఒంటరిగా నిలబడి ఉంది.

గెలిచారు!

జట్టంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆనవాయితీ ప్రకారం నిచ్చెన వేసి బాస్కెట్ వల కత్తిరించారు. తన వంతు రాగానే మారెన్ రెండు ముక్కలు కోసుకుంది.

"ఏయ్, ఒక్కొక్కరికి ఒకటే!" అంది టెస్.

"రెండే," అని నవ్వి, మొదటి వరస వైపు పరుగెత్తింది మారెన్.

అక్కడ పాప్‌కార్న్ కప్పు తప్ప ఏమీ లేదు.

"మీ రెండమ్మ, మిసెస్ ట్వైట్ కోసమా?" అన్నాడు గేటు దగ్గర టికెట్లు చూసే ఆర్లెన్. "ఇప్పుడే కారెక్కిందమ్మా. ఇల్లమ్మేసింది. మేనకోడలు సౌత్ డకోటా తీసుకుపోతోంది. ఈ మ్యాచ్ అయ్యేదాకా కదిలేది లేదని కూర్చుంది."

ఫోన్ మోగింది. బామ్మ. రేడియోలో మ్యాచ్ అంతా వింది.

"నా బంగారమే! ఆ చివరి పాస్ ఎలా ఇచ్చావే?"

మారెన్ అప్పుడు చెప్పింది. రెండే అనే అరుపు, లాటరీ, గీత దగ్గర ఆగిపోవడం, అన్నీ.



"బంతి ఇచ్చాక ఎడం చెయ్యి పైకెత్తిందా?" అడిగింది బామ్మ.

"అవును! నీకెలా తెలుసు?"

"వెర్లా!" బామ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నా వెర్లానే అది!"

"ఎవరు బామ్మా?"

"మా రోజుల్లో జట్టుకి ఆరుగురం. ముగ్గురు అడ్డుకోవాలి, ముగ్గురు బాస్కెట్‌లో వెయ్యాలి. అడ్డుకునేవాళ్లు మధ్య గీత దాటకూడదు. జన్మలో ఒక్క పాయింట్ కొట్టే వీల్లేదు, ఒక్క ఫొటో ఉండదు."

బామ్మ చెబుతూనే ఉంది.

"నేను కొట్టానని ఇన్నేళ్లూ నీకు చెప్పుకున్న పాయింట్లున్నాయే, అవన్నీ అది బంతి లాక్కుని ఆ గీత దాకా తెచ్చి, 'వెయ్యి' అని నా చేతికిస్తే వచ్చినవేనే."