గురువారం షీటు

ఫట్‌మంది. మడత పెట్టబోయిన షీటు ఎండుటాకులా రెండు ముక్కలైంది.

"ఇదీ పోయింది బాబాయ్," అంటూ ల్యాబ్ అమ్మాయి స్టూలు మీద కూలబడింది. "గ్లిజరిన్ సరిగ్గానే పోశారా? మెత్తదనం ఇచ్చేది అదేగా!"

"పోశానమ్మా," అన్నాడు గంజి మేస్త్రీ, ముక్కలు ఏరుతూ.

బట్టల మిల్లులో ముప్పై ఏళ్లు నూలుకు గంజి కాచిన చెయ్యి ఆయనది. అందుకే సంచుల కంపెనీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. బంగాళాదుంప పిండి నీళ్లలో కలిపి, గ్లిజరిన్ పోసి, చిక్కబడేదాకా కాచి, అద్దం మీద పల్చగా పరిచి ఆరబెట్టాలి. ప్లాస్టిక్‌కి బదులు ఆ షీట్లతో సంచులు చేద్దామని వాళ్ల ఆశ. ప్రతి గురువారం ఈ అమ్మాయి వచ్చి పరీక్షిస్తుంది. ఏడు వారాలుగా అన్నీ పగులుతూనే ఉన్నాయి.

భార్య పోయాక మేస్త్రీ ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలాడు. వారమంతా ఆ ఇంట్లో గంజి కుతకుతలు తప్ప ఇంకో చప్పుడుండదు. గురువారం మాత్రం రెండో కప్పు బయటికొస్తుంది. ఆ అమ్మాయి హాస్టల్ పిల్లి దగ్గర్నుంచి కంపెనీ ల్యాబ్ సారు బట్టతల దాకా అన్నీ చెప్పి నవ్విస్తుంది. ఆ గంట కోసమే ఆయన గడ్డం గీసుకుంటాడు.

ఈరోజు ఆమె టీ ముట్టుకోలేదు.

"ఏంటమ్మా, అలా ఉన్నావ్?"

"రేపటికి మంచి షీటు చూపించకపోతే నన్ను పన్లోంచి తీసేస్తారట. సారు మొహం మీదే చెప్పేశారు."

"ఈ మాట ముందే చెప్పొద్దూ!"

"చెబితే మీరు మాత్రం ఏం చేస్తారు బాబాయ్? మీరేమైనా తక్కువ కష్టపడ్డారా?"

ఆయన వెనక గది తలుపు వైపు చూశాడు. "వెనక గదిలో ఇంకోటుంది. ఆరిందేమో చూస్తానుండు," అని లేచాడు.

ఒక చేత్తో షీటు పట్టుకొచ్చాడు. రెండో చెయ్యి జేబులోనే ఉంది. ఆమె భయం భయంగా మడిచింది. ఒక మడత, రెండు, నాలుగు. పగల్లేదు.

"బాబాయ్!" అని గంతేసింది. "అవునూ, ప్రతి షీటుకీ మూలన తేదీ చీటీ అంటిస్తారుగా, దీనికేదీ?"

"నిన్నటిదేలే. తొందరలో మర్చిపోయాను."

పిండి, గ్లిజరిన్ కొలతలు అడిగితే తడుముకోకుండా చెప్పాడు. రాసుకుంటూనే ఆమె మళ్లీ డీలా పడింది.

"కొత్తలో మెత్తగానే ఉంటాయి బాబాయ్. నెల నిలవుంటే పెళుసెక్కుతాయి. సారు అదే అడుగుతారు. ఇది అప్పటికీ ఇలాగే ఉంటుందంటారా?"

"ఉంటుంది. నాది పూచీ."

"హమ్మయ్య! ఇక మీ ఇంటికి కాళ్లరిగేలా తిరిగే పని తప్పింది," అని నవ్వుతూ సందు మలుపు తిరిగిపోయింది.

మేస్త్రీ చల్లారిన టీ పారబోశాడు. రెండో కప్పు కడిగి, తుడిచి, పైఅరలో పెట్టేశాడు. ఇల్లంతా ఒక్కసారిగా బావురుమంది. జేబులోంచి, ఆ షీటు మూలనుంచి పీకేసిన నలిగిన చీటీ తీసి చూసుకున్నాడు.

దానిమీద ఆమె మొదటిసారి వచ్చిన గురువారం తేదీ ఉంది.