ఎత్తుకెళ్ళే మనిషి

సాయిదుర్గ మళ్ళీ చెయ్యి విడిపించుకుని జనంలోకి పరుగెత్తింది.

కోరుకొండ నరసింహస్వామి తిరునాళ్ళు. కొండ కింద ఇసక వేస్తే రాలనంత జనం.

"బాగున్నారా అండీ? టిఫిన్ చేశారా అండీ?"

ఏడేళ్ళ పిల్ల ఎదురైన ప్రతివాళ్ళనీ పలకరిస్తోంది. ఓట్లకొచ్చే నాయకుడు కూడా అంతమందిని పలకరించడు.

"దీనికి కొత్తా పాతా లేదు కదే అమ్మా," అని నవ్వాడు తండ్రి గంగరాజు.

నాయనమ్మ అచ్చాయమ్మ మురిసిపోయింది. ఆవిడ మొక్కు తీర్చడానికే అందరూ రామచంద్రపురం నుంచి వచ్చారు. పిల్ల కాస్త పరుగెడితే చాలు, ఆయాసపడేది. ఊళ్ళో డాక్టరు ఉబ్బసమని మందిచ్చాడు. "దీని ఆయాసం తగ్గించు స్వామీ, నీ కొండ నడిపించి ఎక్కిస్తాను" అని అచ్చాయమ్మ మొక్కింది. చలికాలం వెళ్ళాక తగ్గినట్టే కనిపించింది.

పిల్ల ఈసారి కొబ్బరికాయల కొట్టు పక్కన ఒంటరిగా నిలబడ్డ ఒకావిడ ముందు ఆగింది. ఆవిడ చేతిలో పూలూ లేవు, కాయా లేదు.

"బాగున్నారా అండీ?"

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఉబ్బిన కళ్ళు, నిండు బుగ్గలు, వెడల్పాటి నోరు, నోటి నిండా నవ్వు. చూస్తూ చూస్తూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

తల్లి వెంకటదుర్గకి ఆ చూపు నచ్చలేదు.

"దిష్టి తగులుద్ది. ఇటు రా అమ్మడూ."

"పాపకి ఆయాసం వస్తుందా అండీ?" అని అడిగింది ఆవిడ.

"మీకెందుకండీ?"

"కొండ నడిపిస్తారా ఏంటి? వద్దండి. ఎత్తుకోండి."

"ఎత్తుకుంటే చెల్లదమ్మా. నడిపిస్తానని మొక్కాను," అంది అచ్చాయమ్మ.

"పోనీ, మీరు ఎత్తుకోకండి. నేనెత్తుకెళ్ళిపోతానండి పాపని!"

అంటూనే ఆవిడ పిల్లని చంకనేసుకుంది. పిల్ల కిలకిలా నవ్వి ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆ యేడు పిల్లల్ని పట్టుకుపోయే ముఠా తిరుగుతోందని ఊరూరా పుకారు. మన భాష చూడండి, చంకనెత్తుకుని తీసుకెళ్ళడానికీ దొంగిలించుకుపోవడానికీ ఒకటే మాట. వెంకటదుర్గకి రెండోదే వినిపించింది.

"అమ్మో! నా పిల్లని ఎత్తుకెళ్ళిపోతోంది!"

జనం మూగారు. ఎవరో జుట్టు పట్టుకున్నారు. గంగరాజు పిల్లని లాక్కుని, ఆవిడ చెంప మీద గట్టిగా ఒకటిచ్చాడు.

"నన్ను కొట్టండి బాబూ, పాపని మాత్రం నడిపించకండి! దాని గుండె..."

ఆ గోలలో ఎవరు వింటారు? ఆవిణ్ణి కొబ్బరికాయల కొట్టు ముందు కూర్చోబెట్టి, ఇద్దరు కాపలా ఉన్నారు.

"టాటా అండీ!" అని ఆవిడకి చెయ్యి ఊపి, సాయిదుర్గ మొదటి మెట్టు ఎక్కింది.

కోరుకొండ మెట్లు నిటారుగా ఉంటాయి. పిల్ల దిగొచ్చేవాళ్ళందరినీ పలకరిస్తూ ఎక్కింది. సగం దాటాక పలకరింపులు ఆగిపోయాయి.

"నాన్నా, ఎత్తుకో."

గంగరాజు వంగాడు. అచ్చాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకెంతసేపు తల్లీ? నరసింహా అనుకుంటూ ఎక్కెయ్యి."

"నరసింహా," అంది పిల్ల. ఇంకొన్ని మెట్లు ఎక్కింది. తర్వాత నిద్రొచ్చినట్టు మెట్టు మీదకి ఒరిగిపోయింది.

అప్పుడెత్తుకున్నాడు గంగరాజు.

రాజమండ్రిలో డాక్టరు స్టెతస్కోపు తీసి పక్కన పెట్టాడు.

"దారిలోనే పోయిందండి. గుండె ఎవరికీ చూపించలేదా?"

"ఉబ్బసమన్నారండి."

"ఉబ్బసం కాదు. గుండె నుంచి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం, కవాటానికి కాస్త పైన, పుట్టుకతోనే సన్నగా ఉంటుంది ఇలాంటి పిల్లలకి. మెట్లెక్కితే గుండె తట్టుకోలేదు. ముందే తెలిస్తే మద్రాసులో ఆపరేషన్ చేసేవారు."

"మీకెలా తెలిసిందండీ? పరీక్షలేమీ చెయ్యలేదుగా?"

"మొహం చూసి. ఈ జబ్బుతో పుట్టినవాళ్ళంతా ఒక తల్లి బిడ్డల్లా ఉంటారండి. అందరితోనూ చుట్టరికం కలుపుతారు. ఇలాంటి పిల్లని పెంచినవాళ్ళు ఇంకో పిల్లని ఎక్కడ చూసినా పోల్చేస్తారు."

గంగరాజు తన కుడిచేతిని చూసుకున్నాడు. ఆ చెయ్యి నరికేసుకోవాలనిపించింది.

దినాలు అయ్యాక ఒక్కడే కొండ దగ్గరికి వెళ్ళాడు. తిరునాళ్ళు ఎత్తేశారు. కొబ్బరికాయల కొట్టు నడిపే సంపూర్ణమ్మ పీచు వలుస్తోంది.

"ఆ రోజు మీ కొట్టు ముందు కూర్చోబెట్టిన ఆవిడ ఎక్కడుంటారండీ? కాళ్ళ మీద పడాలి."

సంపూర్ణమ్మ అతన్ని గుర్తుపట్టింది. పీచు పక్కన పెట్టింది.

"ఏ ఊరో చెప్పలేదండి. మీరు పాపని కిందకి తెచ్చినప్పుడు చూసి, నోరు నొక్కుకుని ఏడ్చింది. కాపలా ఉన్నవాళ్ళు వదిలేశారు. నడుచుకుంటూ పోయింది."

"నన్ను తిట్టుకుందా అండీ?"

"లేదండి. మిమ్మల్నెవరినీ ఏమీ అనొద్దని నాకే చెప్పింది."

"ఎవరండీ ఆవిడ?"

సంపూర్ణమ్మ కొండ మెట్ల వైపు చూసింది.

"నిరుడు తన కూతుర్ని మొక్కని చెప్పి ఇవే మెట్లు నడిపించి, చేతులారా పోగొట్టుకున్న తల్లండీ."